జాక్‌డా ఓడ మీద ఆన్ బోనీ: అపోహలు – వాస్తవాలు

వీడియో గేముల్లో కథానాయకుడి పక్కన నిలబడే ఓడదొంగ ఆడవాళ్ళు చాలామందే ఉన్నారు. డ్రాగన్ ఏజ్ 2లో ఓడ పోగొట్టుకుని రేవుపట్నంలో చిక్కుకుపోయిన ఇసబెలా, రైజెన్ 2లో స్టీల్‌బియర్డ్ కూతురు ప్యాటీ. వీళ్ళిద్దరూ పూర్తిగా కల్పితాలు. 2013లో యూబీసాఫ్ట్ తెచ్చిన 'అసాసిన్స్ క్రీడ్ 4: బ్లాక్ ఫ్లాగ్'లో వచ్చే ఆన్ బోనీ సంగతి వేరు. ఆ ఆటలో నాయకుడు ఎడ్వర్డ్ కెన్వే కల్పితం, అతని ఓడ జాక్‌డా కల్పితం. చుక్కాని దగ్గర అతనికి తోడుగా నిలబడే ఆన్ మాత్రం మూడువందల ఏళ్ళ కిందట కరీబియన్ సముద్రంలో నిజంగా తిరిగిన మనిషి. చిక్కంతా అక్కడే వచ్చింది. ఆట ఆడినవాళ్ళు ఆమె గురించి గట్టిగా నమ్మేవాటిలో సగం పుకార్లు. నమ్మశక్యం కావట్లేదని కొట్టిపారేసేవి కోర్టు కాగితాల్లో ఉన్నాయి.

అపోహ: ఆ రోజుల్లో ఆడ ఓడదొంగలు ఎక్కడున్నారు? ఈ కాలం వాళ్ళ మెప్పు కోసం ఆటలో పెట్టారు.

ఈ మాటకు జవాబు 1720 సెప్టెంబరు 5న బహామాస్ గవర్నర్ వుడ్స్ రోజర్స్ వేయించిన ప్రకటనలోనే ఉంది. నసావు రేవులోంచి జాన్ హామ్ అనే అతని 'విలియం' ఓడను జాన్ రాకమ్ ముఠా ఎత్తుకుపోయింది. ఆ ముఠాలో ఎవరెవరున్నారో చెబుతూ గవర్నర్ ఇద్దరు స్త్రీల పేర్లు కూడా రాయించాడు: ఆన్ ఫుల్‌ఫర్డ్ అలియాస్ బోనీ, మేరీ రీడ్. ప్రభుత్వమే పేరు పెట్టి దొంగలని చాటించిన వాళ్ళను ఆట తయారుచేసినవాళ్ళు కొత్తగా పుట్టించనక్కర్లేదు.

అపోహ: వాళ్ళు మగవేషంలో దాక్కున్నారు. ఆడవాళ్ళని తోటి దొంగలకే తెలియదు.

అన్నిటికన్నా లోతుగా పాతుకుపోయిన అపోహ ఇదే. ఆటలో మేరీ రీడ్ చాలాసేపు జేమ్స్ కిడ్ అనే కుర్రాడిగానే తిరుగుతుంది. అసలు సంగతి బయటపడ్డప్పుడు ఆడేవాళ్ళు ఉలిక్కిపడతారు. ఈ ఊహకు మూలం 1724లో లండన్‌లో అచ్చయిన ఓడదొంగల చరిత్ర. రాసినవాడు కెప్టెన్ చార్లెస్ జాన్సన్ అన్న పేరుతో చలామణీ అయ్యాడు. అది మారుపేరేనని చరిత్రకారులు ఎక్కువమంది అంటారు. చదివించే రచనే. కానీ పైన చెప్పిన ప్రకటన దానికి నాలుగేళ్ళ ముందుది. వాళ్ళు పట్టుబడకముందే, ఇంకా సముద్రం మీద ఉండగానే, ఇద్దరూ ఆడవాళ్ళని గవర్నర్‌కు తెలుసు. గవర్నర్‌కు తెలిసిన సంగతి ఒకే ఓడలో పక్కపక్కన పడుకునే కళాసీలకు తెలియదంటే ఎలా నమ్మడం?

జమైకాలో 1720 నవంబరు 28న జరిగిన విచారణలో సాక్షులు చెప్పింది ఇంకా స్పష్టంగా ఉంది. రాకమ్ ముఠా చేతికి చిక్కిన ఇద్దరు ఫ్రెంచివాళ్ళు తాము ఓడ మీద కళ్ళారా చూసింది చెప్పారు. ఏదైనా ఓడ కనబడి తరిమేటప్పుడు, దాడి చేసేటప్పుడు ఈ ఇద్దరూ మగవాళ్ళ బట్టలు వేసుకునేవారు. మిగతా వేళల్లో ఆడవాళ్ళ బట్టల్లోనే ఉండేవారు. అంటే మగ దుస్తులు పనికి తొడుక్కున్న దుస్తులు. తాళ్ళు లాగుతూ, పిస్తోలు పట్టుకుని పరుగెత్తే మనిషికి పాదాల దాకా వేలాడే గౌను అడ్డం కాదూ!

డొరొతీ థామస్ అనే స్త్రీ చెప్పిన సాక్ష్యం నన్ను ఎప్పుడు చదివినా కదిలిస్తుంది. జమైకా ఉత్తర తీరంలో సరుకులు వేసుకుని దోనెలో పోతుంటే రాకమ్ ముఠా ఆమెను దోచుకుంది. ఆ ఇద్దరూ మగవాళ్ళ కోట్లు, పొడుగు లాగులు వేసుకుని, తలకు గుడ్డలు చుట్టుకుని ఉన్నారని, ఒక్కొక్కరి చేతిలో ఒక మచ్చుకత్తి, ఒక పిస్తోలు ఉన్నాయని ఆమె చెప్పింది. అయినా రొమ్ములను బట్టి ఆడవాళ్ళని తాను పోల్చుకున్నానంది. బతకనిస్తే రేపు తమ మీద సాక్ష్యం చెబుతుందని, చంపేయమని ఆ ఇద్దరే మగవాళ్ళను తిడుతూ తొందరపెట్టారట. మగవాళ్ళు చంపలేదు. ఆమె వచ్చి సాక్ష్యం చెప్పింది. ఆటలో మనకు ఎంతో ఇష్టమైన ఆ తోడుమనిషి ఒక నిస్సహాయురాలి ప్రాణం తీయమని అరిచిన మనిషి కూడా. దాన్ని దాచిపెట్టి ఆమెను వీరనారిగా నిలబెట్టడం నాకు న్యాయంగా అనిపించదు.

అపోహ: ఆన్ బోనీ క్వార్టర్‌మాస్టర్‌గా ఓడను నడిపింది.

ఆటలో ఎడ్వర్డ్ తొలి క్వార్టర్‌మాస్టర్ అడెవాలే వెళ్ళిపోయాక ఆ స్థానం ఆన్‌కు దక్కుతుంది. చరిత్రలో ఆమెకు ఆ పదవి ఉన్నట్టు ఏ కాగితమూ లేదు. పైగా ఆట ఆ పదవినే చిన్నది చేసింది. కెప్టెన్ పక్కన నిలబడి ఎదురయ్యే ఓడల గురించి హెచ్చరించే అనుచరుడిగా చూపించింది. నిజానికి ఓడదొంగల్లో క్వార్టర్‌మాస్టర్ అంటే కెప్టెన్‌కు కళ్ళెం వేసేవాడు. కళాసీలే ఎన్నుకునేవారు. దోపిడీ సొమ్ము వాటాలు వేయడం, తిండీ నీళ్ళూ కొలిచి పంచడం, తగాదాలు తీర్చడం అతని చేతిలో ఉండేవి. పోరాటం జరిగే వేళ తప్ప కెప్టెన్ మాట అతని మాటను మించేది కాదు. రాకమ్ ఒకప్పుడు చార్లెస్ వేన్ అనే ఓడదొంగ కెప్టెన్ దగ్గర క్వార్టర్‌మాస్టరే. 1718 నవంబరులో ఒక ఫ్రెంచి యుద్ధనౌకతో తలపడకుండా వేన్ తప్పుకుంటే, కళాసీలు ఓటు వేసి అతన్ని దించి రాకమ్‌ను కెప్టెన్ చేశారు.

మరి ఆన్ చేసిన పనేమిటి? మగవాళ్ళకు తుపాకీమందు అందించేదని ఆ ఫ్రెంచివాళ్ళు చెప్పారు. ఇద్దరూ ఓడ మీద ఏ పనికైనా ముందుండేవారని, నోటికొచ్చినట్టు తిట్టేవారని ఇంకో సాక్షి చెప్పాడు. బలవంతం మీద వచ్చినట్టు కనబడలేదని, తమ ఇష్టంతోనే ఉన్నారని కూడా సాక్ష్యంలో ఉంది. వాళ్ళకు శిక్ష పడడానికి ముఖ్యమైన మాట ఇదే. పోరాటంలో మందు అందించడం చిన్న పనేమీ కాదు. నిప్పురవ్వలు ఎగిరేచోట మందు సంచి పట్టుకుని నిలబడాలి.

అపోహ: చివరి పోరులో మగవాళ్ళంతా తాగి కింద దాక్కుంటే ఈ ఇద్దరే పోరాడారు.

చిత్రంగా ఉంటుంది కాబట్టి అందరూ చెబుతారు. ఈ కథకూ మూలం జాన్సన్ పుస్తకమే. 1720 అక్టోబరు చివర, రాత్రివేళ, జమైకా పడమటి కొస దగ్గర ఓడదొంగలను వేటాడే జొనాథన్ బార్నెట్ వాళ్ళను పట్టుకున్నాడు. విచారణలో చెప్పిన వివరం చాలా పొడిగా ఉంది. బార్నెట్ ఎవరని కేకేశాడు. క్యూబా నుంచి వస్తున్న జాన్ రాకమ్ అని జవాబొచ్చింది. లొంగిపొమ్మంటే లొంగమని ఒక చిన్న ఫిరంగి పేల్చారు. బార్నెట్ మనుషులు ఒక్కసారిగా కాల్చేసరికి తెరచాప కింది దూలం విరిగింది. వెంటనే ప్రాణభిక్ష అడిగారు. ఆడవాళ్ళు ఒంటరిగా నిలిచి పోరాడిన మాట అందులో లేదు. మగాడిలా పోరాడి ఉంటే కుక్కలా ఉరి పడేవాడివి కాదని ఉరికి ముందు రాకమ్‌తో ఆన్ అన్నదని లోకమంతా చెప్పుకునే ఈసడింపు మాట కూడా జాన్సన్ రాసిందే.

ఐర్లండ్‌లోని కార్క్‌లో వకీలుకు అక్రమ సంతానంగా పుట్టింది, కరోలినాలో పెరిగింది, జేమ్స్ బోనీని పెళ్ళాడింది అనే చిన్ననాటి కథంతటికీ ఆధారం మళ్ళీ ఆ ఒక్క పుస్తకమే. విచారణ కాగితాల్లో మాత్రం ఇద్దరినీ పెళ్ళికాని స్త్రీలుగా రాశారు.

అపోహ: కడుపుతో ఉన్నామని చెప్పి శిక్ష తప్పించుకున్నారు, తర్వాత జైలు నుంచి పారిపోయారు.

పోర్ట్ రాయల్ జైలు బద్దలుకొట్టి ఎడ్వర్డ్ వాళ్ళను బయటికి తేవడం, మేరీ దారిలోనే కన్నుమూయడం ఆటలో మనసును పట్టే ఘట్టం. చరిత్రలో విచారణ జరిగింది పోర్ట్ రాయల్‌లో కాదు, నేడు స్పానిష్ టౌన్ అని పిలిచే ఆనాటి రాజధానిలో. రాకమ్‌ను నవంబరు 18న ఉరితీశారు. పది రోజుల తర్వాత ఈ ఇద్దరికీ ఉరిశిక్షే పడింది. తీర్పు విన్నాక కడుపుతో ఉన్నామని చెప్పుకున్నారు. ఆనాటి ఇంగ్లిష్ చట్టంలో అది క్షమాపణ కాదు. పరీక్ష చేయించి, నిజమైతే కాన్పు అయ్యేదాకా ఉరిని ఆపేవారు. ఆ గడువు మేరీ రీడ్‌కు అక్కరకు రాలేదు. ఆమె జైల్లోనే చనిపోయింది. 1721 ఏప్రిల్ 28న సెయింట్ కేథరిన్ పారిష్‌లో పాతిపెట్టినట్టు చర్చి చిట్టాలో ఉంది.

ఆన్‌ను ఉరితీసినట్టు గానీ, విడిచిపెట్టినట్టు గానీ ఆ కేసు కాగితాల్లో ఒక్క ముక్క లేదు. తండ్రి డబ్బు కట్టి విడిపించాడని, కరోలినాలో పెళ్ళి చేసుకుని ఎనభై ఏళ్ళు బతికిందని చెప్పేవి ఆనాటి పత్రాలేవీ బలపరచని కథలు. ఆట చివర ఆమె ఎడ్వర్డ్‌తో ఇంగ్లండ్ వెళ్ళనని కరీబియన్‌లోనే ఉండిపోతుంది. ఆ ముగింపు కల్పితమే అయినా, తెలిసిన ఏ వాస్తవానికీ అడ్డురాదు.