మానవ హక్కులపై డాక్టరేటు పరిశోధన: ఒక తీర్పు వెంట ప్రయాణము

మానవ హక్కులపై పి.హెచ్.డి. చేయదలచిన వేదాంత విద్యార్థి తరచుగా అడుగు ప్రశ్న ఒకటున్నది: ఇది మన శాఖ విషయమా, న్యాయశాస్త్రపు విషయమా? సిద్ధాంతరీత్యా జవాబు చెప్పుటకంటె, మన సంఘములకు మిక్కిలి దగ్గరగానున్న ఒక వ్యాజ్యమును పరిశీలించుట మేలని తలంచుచున్నాము.

1950 నాటి రాజ్యాంగ (షెడ్యూల్డు కులముల) ఉత్తర్వులోని మూడవ పేరా ఆ హోదాను హిందువులకే పరిమితము చేసినది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చినారు. క్రైస్తవులును ముస్లిములును వెలుపలనే మిగిలినారు. సూసై అను ఆయన ఆదిద్రావిడ కులములో పుట్టిన క్రైస్తవుడు, మద్రాసులో రోడ్డు ప్రక్కన చెప్పులు కుట్టి జీవించువాడు. ఆ పని చేయువారికి ప్రభుత్వము ఉచితముగా ఇచ్చిన బడ్డీ తనకు దక్కలేదని సుప్రీంకోర్టుకు వెళ్లినాడు. 1985లో ఓడిపోయినాడు.

ఓటమికి చెప్పిన కారణమును పరిశోధకుడు నిదానముగా చదువవలెను. మతము మారిన పిమ్మట కూడ కులము కొనసాగుచున్నదని చూపుట చాలదట. ఆ కులము వలని అణచివేత క్రొత్త మతసమాజములోను అంత తీవ్రముగానే సాగుచున్నదని నిరూపించవలెనట. క్రైస్తవ సమాజపు ప్రస్తుత స్థితిని తెలుపు ప్రామాణికమైన, సవివరమైన అధ్యయనమేదియు తమ ముందుంచలేదని కూడ న్యాయస్థానము అన్నది. ఎవరో వ్రాయవలసిన ఒక సిద్ధాంత గ్రంథము లేకపోయినందున ఒక మనిషికి బడ్డీ రాలేదనుట కొంత అతిశయోక్తియే. అయినను, పరిశోధనను పట్టా కొరకు మాత్రమే చేయు పనియని తలంచువారు ఆ వాక్యమును రెండుసార్లు చదువుట మంచిది.

అట్టి అధ్యయనమును ఏ శాఖవారు చేయవలెను? ఏ రుజువు కావలెనో న్యాయశాస్త్రము చెప్పగలదు గాని దానిని పల్లెకు వెళ్లి సేకరించలేదు. సేకరణ సమాజశాస్త్రపు పని. జాతీయ మైనారిటీల కమిషను కొరకు సతీష్ దేశ్‌పాండే, గీతికా బాప్నా 2008లో సమర్పించిన నివేదిక అప్పటికి లభ్యమైన సమాచారమునంతయు సమీకరించినది. ఇక 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతములో ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరని మిషను చరిత్ర చెప్పుచున్నది. వారు ఏమి విడిచిరి, ఏది వారిని విడువలేదు అను ప్రశ్న చరిత్రకారునిది.

వేదాంతమునకు మిగిలినది అన్నిటికంటె కష్టమైన భాగము. కోర్టు అడిగిన రుజువు ఎక్కడనున్నది? మన సమాధుల తోటలలో, మన బల్లల వరుసలలో, మన పెండ్లి సంబంధములలో ఉన్నది. సంఘము న్యాయము పొందవలెనన్న తనకు వ్యతిరేకముగా తానే సాక్ష్యమియ్యవలెను. యాకోబు పత్రిక రెండవ అధ్యాయము మీద ప్రసంగించిన దినముననే ఆ సాక్ష్యమును దాచుట మనకు అలవాటు. బాప్తిస్మము ఏమి మార్చినదని మనము ఒప్పుకొనుచున్నామో, ఏమి మార్చలేదని కోర్టులో చెప్పుచున్నామో, ఆ రెంటి మధ్యనున్న ఎడమును వివరించుట న్యాయవాది పని కాదు. మేము చూచిన కొన్ని గ్రంథములలో మొదటి అధ్యాయము 1948 నాటి సార్వత్రిక ప్రకటనకు, రెండవది ఆదికాండము 1:27కు, మూడవది క్షేత్ర పరిశీలనకు కేటాయింపబడినవి. ఆ మూడును ఒకదానితో ఒకటి మాటలాడవు. దానిని బహుశాస్త్ర పరిశోధన అనలేము. విద్యార్థి తన ఇల్లు ఒక శాఖలోనే కట్టుకొని, రెండవ శాఖలో దేనిని రుజువుగా అంగీకరింతురో నేర్చుకొనవలెను. ఆ రెండవ శాఖ మార్గదర్శకుని చివరి అధ్యాయమప్పుడు గాక, ప్రతిపాదన వ్రాయునప్పుడే వెదకవలెను.

క్షేత్రములోనికి దిగకముందు మరియొక సంగతి. ఆంధ్రప్రదేశ్‌లోను తెలంగాణలోను షెడ్యూల్డు కులములనుండి క్రైస్తవులైనవారు బి.సి. 'సి' గ్రూపులో ఉన్నారు. దాని వాటా ఒక శాతము. కనుక బడి రికార్డులో ఒక పేరు, సంఘములో వేరొక పేరు గల కుటుంబములు మనకు క్రొత్త కాదు. 2024లో సెల్వరాణి కేసులో సుప్రీంకోర్టు, క్రైస్తవాచారము పాటించుచు ఉద్యోగము కొరకు షెడ్యూల్డు కుల ధ్రువపత్రము కోరుట రాజ్యాంగమును వంచించుటయే అన్నది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, ఒక పాస్టరు అట్రాసిటీ చట్టము క్రింద పెట్టిన కేసును, ఆయన క్రైస్తవుడైనందున కొట్టివేసినది. ఇట్టి సమయమున పేరు, ఊరు, కులము, ఆరాధనకు వచ్చు దినము ఒకే కాగితముపై వ్రాసికొన్న పరిశోధకుడు ఆ కుటుంబమునకు ఎంత మేలు చేయదలచినను, దాని ఉద్యోగమును తన సంచిలో పెట్టుకొని తిరుగుచున్నట్లే. పేర్లు వ్రాయకూడదు. ఊరి పేరు మార్చవలెను. సంకేతముల పట్టికను వేరుగా భద్రపరచవలెను.

పరిశోధకుడు పాస్టరే అయినప్పుడు చిక్కు మరింత పెరుగును. అయ్యగారు అడిగితే కాదనలేని విశ్వాసి పెట్టిన సంతకమును సమ్మతిగా లెక్కించలేము. తన సొంత సంఘమును విడిచి, తనను ఎరుగని ఊరిలో, కాదనుటకు వీలున్న మనుష్యులను అడుగుట మేలు. సొంత సంఘములో చేయదగిన పని వేరే ఉన్నది: కమిటీ అనుమతితో పాత మినిట్సు పుస్తకములను, సమాధుల రిజిస్టరును చెదలు తినకముందే తెరచి, ఎవరిని ఎక్కడ పాతిపెట్టినారో చూచుట.