సార్వత్రిక విశ్వవిద్యాలయము – బెంగుళూరు తెలుగువారు

చదువునకు వయస్సుతో పనిలేదని మనవారందురు. కాని కళాశాలకు మాత్రము వయస్సుతోను, వేళతోను, వెనుకటి పరీక్షల పత్రములతోను చాల పని గలదు. పదవ తరగతితో చదువు చాలించి, అనంతపురము నుండియో చిత్తూరు నుండియో బెంగుళూరు చేరి, పీణ్యా కర్మాగారములలోనో చిక్కపేట బట్టల కొట్లలోనో కుదురుకొన్నవానికి ముప్పది యేండ్లు దాటిన పిమ్మట పట్టము కావలసివచ్చినచో, పగటివేళ తరగతిలో కూర్చుండుట సాధ్యము కాదు. పెండ్లితో చదువాగిన గృహిణి స్థితియు నిట్టిదే. అట్టివారి కొరకు ప్రజాధనముతో నడచు విద్యాలయము లెట్లేర్పడెనో, అవి ఇచ్చటి తెలుగువారికి ఎంతవరకు అందుచున్నవో పరిశీలింతము.

ఇంగ్లండులో 1969లో ఓపెన్ యూనివర్సిటీ ఏర్పడి, 1971లో తొలి విద్యార్థులకు పాఠములు ప్రారంభించెను. మన దేశమున అంతకు ముందే, 1962లో, ఢిల్లీ విశ్వవిద్యాలయము తపాలా ద్వారా పాఠములు పంపసాగెను. మైసూరు విశ్వవిద్యాలయము 1969లో ఆ పని చేపట్టెను. అయితే తపాలా విద్య వేరు, సార్వత్రిక విద్య వేరు. మొదటిది తరగతి గదిని తొలగించెనే గాని ప్రవేశార్హతలను అట్లే యుంచెను. ఆ తలుపును కూడ తెరచిన కీర్తి దేశమున మొట్టమొదట తెలుగునాటికే దక్కినది. 1982 ఆగస్టు 26న ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము స్థాపితమయ్యెను. ఆచార్య జి. రాంరెడ్డిగారు తొలి ఉపకులపతి. ఇంటర్మీడియట్ లేనివారును అర్హత పరీక్షలో నెగ్గి బి.ఏ. చదువుటకు వీలు కలిగెను. బి.ఏ. పాఠములే కాక, బి.ఎస్సీ. పాఠములు కూడ తెలుగున అచ్చయ్యెను. తెలుగు శాస్త్రవిద్యకు చాలదనువారికి ఇంతకంటె వేరు సమాధానము అక్కరలేదు. 1991లో ఆ సంస్థకు డాక్టరు బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టబడెను. 1985లో పార్లమెంటు శాసనముచే ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయమునకును రాంరెడ్డిగారే తొలి ఉపకులపతి. మైసూరు కేంద్రముగా కర్ణాటక రాష్ట్ర సార్వత్రిక విశ్వవిద్యాలయము 1996లో వెలసెను.

వీనిలో జాతీయ విశ్వవిద్యాలయపు పద్ధతిని చూతము. చదువు క్రెడిట్టులలో కొలువబడును. ఒక క్రెడిట్టు ముప్పది గంటల అధ్యయనము. ఆరు క్రెడిట్టుల విషయమునకు 180 గంటలు, అనగా రాత్రివేళ గంట చొప్పున ఆరు మాసములు. నాలుగు విషయము లొక్కసారి చేపట్టినవాడు దినమునకు నాలుగు గంటలు వెచ్చింపవలెను. షిఫ్టు ముగించి వచ్చినవానికి అది యెంత కష్టమో చెప్పనక్కరలేదు. కావుననే మూడేండ్ల పట్టమునకు ఆరేండ్ల వరకు గడువొసగిరి. పరీక్షలు జూను, డిసెంబరు మాసములలో జరుగును. ఇంట వ్రాసి పంపు అసైన్‌మెంటులకును మార్కులలో భాగమున్నది. వీనిని చివరి వారమునకు నెట్టివేయుట పెద్దవయస్సు విద్యార్థులకు గల సామాన్య దోషము.

ఇక భాష సంగతి. తెలుగు మాధ్యమమున పట్టము కోరు బెంగుళూరు వాసికి హైదరాబాదు విశ్వవిద్యాలయము తోచుట సహజము. కాని రాష్ట్ర విశ్వవిద్యాలయము తన రాష్ట్రపు ఎల్లలు దాటి దూరవిద్య నడుపరాదని విశ్వవిద్యాలయ నిధుల సంఘము నిబంధన. ఈ కట్టుబాటు ఊరక రాలేదు. కర్ణాటక విశ్వవిద్యాలయమే పరరాష్ట్రములలో ప్రైవేటు సంస్థల ద్వారా కోర్సులు నడిపి, 2015లో గుర్తింపు లేదని ప్రకటింపబడెను. 2018లో గాని అది తిరిగి లభింపలేదు. ఆ నడిమి విద్యార్థులు పడిన వేదన స్వల్పము కాదు. గుర్తింపు పొందిన సార్వత్రిక పట్టము మామూలు పట్టముతో సమానమని 2022లో నిధుల సంఘము స్పష్టము చేసినది. కనుక చేరు సంవత్సరమునకు గుర్తింపున్నదో లేదో చూచుకొనుట ప్రథమ కర్తవ్యము. అయినను మోసమును అడ్డుకొనుటకు వేసిన కంచె, పరరాష్ట్రమున నున్న తెలుగు విద్యార్థికి అతని భాషను కూడ అడ్డుకొనుట విచారకరము. ఆన్‌లైన్ పట్టములకు ఈ యెల్ల లేదు. తెలుగు మాధ్యమమున అట్టివి విరివిగా వచ్చుట అవసరము.

అంతవరకు బెంగుళూరువాసికి కన్నడమో ఆంగ్లమో శరణ్యము. ఇచ్చటి తెలుగువారు రెండు తెగలు. తరతరములుగా ఇంట తెలుగు పలుకుచు బడిలో కన్నడము చదివినవారికి చిక్కులేదు. సీమనుండి వచ్చినవారికే కష్టము. అయితే అనుకొన్నంత కాదు. తలకట్టు, క, త, శ వంటివి గుర్తించినచో కన్నడ లిపి కొలది వారములలో పట్టుపడును. అర్థశాస్త్రము, సమాజశాస్త్రము ఉభయులకు నొక్కటే. ఒకటిగా కనబడు మాటలలోనే జాగ్రత్త వలయును. మనకు శిక్షణ యన తర్ఫీదు, వారికి విద్య. మన రాజ్యాంగము వారికి సంవిధానము. ప్రబంధము వ్రాయుమన్నచో మనువలె వర్ణనలకు దిగనక్కరలేదు. వారు కోరునది వ్యాసము. ఇట్టి పదములను రెండు మూడు వందలు ఏర్చి, రెండు లిపులలోను ముద్రించి, తెలుగు సంఘములు తమ భవనములలో ఆదివారపు పఠనమునకు చోటిచ్చినచో, నూతన విద్యార్థికి మొదటి ఆరు మాసములు సుగమమగును. పదవ తరగతి దాటిన మన పిల్లలే ఆ పట్టికను సిద్ధము చేయగలరు.