మీకు తెలుసా? కుండీ మామిడికి తొలి పూత తుంచేయాలి

కడియం నర్సరీల నుంచి తెచ్చిన మామిడి అంటు మోకాలెత్తు కూడా ఉండదు, అయినా ఆ మాఘానికే పూత పట్టేస్తుంది. దాని పైభాగం పసిది కాదు మరి. ఏళ్ల తరబడి కాస్తున్న చెట్టు పుల్లను కోసి, టెంక మొలకకు అంటుకడతారు. పైకొమ్మకు కాయడం వచ్చు, కింది వేరుకే ఇంకా బలం చాలదు. అందుకే మొదటి రెండేళ్లు పూతను గిల్లేయాలి. మనసొప్పదు, నిజమే. కానీ పిందెలు మోయనిస్తే మొక్క గిడసబారిపోతుంది.

కాండాన్ని వేలితో తడిమితే అంటు దగ్గర చిన్న బొడిపె తగులుతుంది. అది ఎప్పుడూ మట్టికి పైనే ఉండాలి. దాని కిందినుంచి వచ్చే చిగురు మీరు కొన్న రకానిది కాదు, టెంక మొక్కది, కనిపించగానే తీసేయండి. బొడిపె చుట్టూ ప్లాస్టిక్ పట్టీ మిగిలి ఉంటే బ్లేడుతో నిలువుగా కోసి విప్పాలి. లేకపోతే కాండం లావయ్యేకొద్దీ ఉరిలా బిగుస్తుంది.

కుండీకి నేనైతే ఆమ్రపాలినే ఎంచుకోమంటాను. దశేరి, నీలం రకాలను కలిపి ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ విడుదల చేసిన పొట్టి రకమిది. తోటల్లోనే 2.5 మీటర్ల ఎడంతో నాటేస్తారు.

కుండీలో జామ కూడా ఉంటే, దాని సంగతి వేరు. అది కొత్త చిగురు మీదే పూస్తుంది, కాబట్టి కాపు అయ్యాక కొమ్మల కొసలు కత్తిరించాలి.

ఇక నీళ్లంటారా, వేలు రెండు కణుపుల లోతు మట్టిలోకి దించండి. తడి తగిలితే ఆ పూటకు పోయొద్దు.