క్లాంగ్ సమ్మెకు రెండు కథలు

మలేసియాలోని పోర్ట్ క్లాంగ్‌కు 1972 వరకు పోర్ట్ స్వెటెన్‌హామ్ అని పేరు. ఆ రేవు వెనక రబ్బరు తోటల్లో 1941లో భారతీయ కూలీలు సమ్మె చేశారు. చాలామంది తమిళులు, ఆ కాలపు మలయా తోటల్లో తెలుగువాళ్లూ ఉండేవారు. చైనా కూలీలతో సమానంగా కూలి ఇవ్వాలన్నారు, కల్లు దుకాణాలు ఎత్తేయాలన్నారు. తెల్లదొర ఎదురైతే సైకిల్ దిగి నిలబడే ఆచారం పోవాలన్నారు.

ఈ సైకిల్ కోరిక చిన్నదిగా కనిపిస్తుంది గానీ, అసలు కథ అక్కడే ఉంది. కూలి పెంపు దొరకు లెక్కల వ్యవహారం. సైకిల్ మీద కూర్చునే సాగిపోవడం మాత్రం ఆయనకు ధిక్కారమే!

మే నెలలో సమ్మె నాయకుడు ఆర్.హెచ్. నాథన్‌ను అరెస్టు చేశారు. అల్లర్లు రేగాయి, సైన్యం దిగింది, కాల్పుల్లో కూలీలు చనిపోయారు. నాథన్‌ను ఇండియాకు పంపేశారు.

బ్రిటిష్ పాలకుల దృష్టిలో ఇది బయటివాళ్లు రెచ్చగొట్టిన కుట్ర. 1980లో వచ్చిన చరిత్రకారుడు మైకేల్ స్టెన్సన్ పుస్తకం మాత్రం దీన్ని వర్గం, జాతి, వలస పాలన కోణంలో చూసింది.

మరి ఏది నిజం? కాల్పులు జరిగాయన్నది అభిప్రాయం కాదు. ఎందుకు జరిగాయన్న చోటే వాదం. ‘చరిత్ర అంటే ఏమిటి?’ అనే పుస్తకంలో చరిత్రకారుడు ఇ.హెచ్. కార్ 1961లో తేల్చబోయిందీ ఇలాంటి చిక్కే: సంఘటనల్లోంచి ఏరేది చరిత్రకారుడే. అలాగని ప్రతి కథా సమానం కాదు. కుట్ర కథలో సైకిల్ ఇమడదు.