డీ డ్రైవ్‌లో దాచిన ఊరు

మా అక్క వాళ్లది అనకాపల్లి. రెండేళ్ల కిందట వేసవి చివర ఒక రాత్రి వాళ్ల వీధిలో కొబ్బరిచెట్టు మీద పిడుగు పడింది. చెట్టు మొవ్వు మాడిపోయింది. పక్కింటి టీవీ పోయింది, మా మేనల్లుడి కంప్యూటర్ పోయింది. తొమ్మిదో తరగతి కుర్రాళ్లు ఆరుగురు కలిసి ఏడాదిగా మైన్‌క్రాఫ్ట్ ఆటలో కట్టుకుంటున్న ఊరు ఆ కంప్యూటర్‌లోనే ఉండేది. ‘‘బ్యాకప్ తీసుకోలేదట్రా?’’ అన్నాను. ‘‘తీశాను మామయ్యా, డీ డ్రైవ్‌లో పెట్టాను’’ అన్నాడు వాడు, ఏడుపు ఆపుకుంటూ.

తెర మీద సీ, డీ అని రెండు కనిపిస్తాయి గానీ వాడి కంప్యూటర్ లోపల ఉన్నది ఒకటే డిస్కు. ఒక గదికి అడ్డంగా చీర కట్టి రెండు గదులనుకున్నట్టన్న మాట.

నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాను. ఈ పని పెద్దవాళ్లూ చేశారు మరి. 2021 మార్చి 10న అర్ధరాత్రి దాటాక ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో, రైన్ నది పక్కన, ఓవీహెచ్ కంపెనీ డేటా సెంటర్ అంటుకుంది. అయిదంతస్తుల ఎస్‌బీజీ2 భవనం మొత్తం కాలిపోయింది, పక్క భవనంలోనూ కొన్ని గదులు పోయాయి. ‘రస్ట్’ అనే ఆటను నడిపే ఫేస్‌పంచ్ స్టూడియోస్‌వి 25 యూరప్ సర్వర్లు అందులో బూడిదయ్యాయి. ఆ డేటా ఇక తిరిగి రాదని ఫేస్‌పంచ్ తేల్చి చెప్పేసింది. రస్ట్ ప్రపంచాన్ని ప్రతి నెలా మొదటి గురువారం వాళ్లే తుడిచేసి కొత్తగా మొదలుపెడతారు కాబట్టి ఆటగాళ్లు ఎలాగో సర్దుకున్నారు. సర్దుకోలేనివాళ్లూ ఉన్నారు. డబ్బు కట్టి బ్యాకప్ తీసుకున్న ఒక వ్యాపార సంస్థకు ఆ బ్యాకప్ కూడా అదే భవనంలో ఉందని అప్పుడు తెలిసింది. వాళ్లు కోర్టుకెక్కి 2023లో గెలిచారు. చీర కట్టిన గదే, కాకపోతే అయిదంతస్తులది.

 

కాపీ వేరే చోట ఉండాలన్న ఆలోచనను వ్యాపారంగా మార్చినవాళ్లలో కంప్యూటర్లవాడు కాని ఒక పుట్టగొడుగుల వ్యాపారి ఉన్నాడు. న్యూయార్క్ రాష్ట్రంలో హెర్మన్ నాస్ట్ అనే ఆయన పుట్టగొడుగులు పెంచడానికి 1936లో ఒక పాత ఇనుప గని కొన్నాడు. తర్వాత అణుబాంబు భయం పట్టుకుంది, పుట్టగొడుగుల గిరాకీ తగ్గింది. 1951లో ఆ గనికే భారీ తలుపులు బిగించి, పత్రాలు దాచుకోవచ్చని బ్యాంకులను పిలిచాడు. ఈనాటి ఐరన్ మౌంటెన్ కంపెనీ అలా పుట్టింది. అదే 1951లో యూనివాక్ కంప్యూటర్ సమాచారాన్ని అయస్కాంతపు టేపు మీద రాయడం మొదలుపెట్టింది. గని, టేపు కలిశాయి. ఆ తర్వాత కొన్ని దశాబ్దాల పాటు బ్యాకప్ అంటే టేపుల పెట్టెలు వ్యానెక్కి ఊరు దాటడమే.

ఆటలకు ఈ బెంగ ఆలస్యంగా పట్టుకుంది. పాత వీడియో గేమ్ స్విచ్ ఆపితే పోయేది స్కోరు ఒక్కటే. 1997లో అల్టిమా ఆన్‌లైన్ లాంటివి వచ్చాక, మనం నిద్రపోతున్నా మన ఇల్లు అక్కడే నిలబడి ఉండే ప్రపంచాలు తయారయ్యాయి. కట్టుకున్న ఇల్లు కూలితే మనిషి ఊరుకోడు కదా.

నడుస్తున్న ప్రపంచాన్ని కాపీ చేయడం కనిపించినంత సులువు కాదు. మైన్‌క్రాఫ్ట్‌నే చూడండి. నేల, ఇళ్లు, పెట్టెలు కొన్ని ఫైళ్లలో ఉంటాయి, ఆటగాడి సంచి వేరే ఫైలులో ఉంటుంది. నేల ఫైలు కాపీ అయిన రెండు సెకన్లకు సంచి ఫైలు కాపీ అయిందనుకుందాం. ఆ రెండు సెకన్లలో ఒకడు పెట్టెలోని వజ్రం తీసి సంచిలో వేసుకున్నాడు. ఆ కాపీని తిరిగి తెరిస్తే పెట్టెలోనూ వజ్రం, సంచిలోనూ వజ్రం! సంచి ముందు కాపీ అయి ఉంటే రెండు చోట్లా ఉండదు. అందుకే సర్వర్ నడిపేవాళ్లు ముందు ‘సేవ్-ఆఫ్’ అని రాత ఆపి, ‘సేవ్-ఆల్’ అని మిగిలిందంతా డిస్కుకు దింపి, కాపీ తీశాక ‘సేవ్-ఆన్’ అంటారు.

లక్షలమంది ఆడేచోట అలా రాత ఆపడం కుదరదు. అక్కడ మన షావుకార్ల పద్ధతే. జరిగిన ప్రతి లావాదేవీ వరసగా చిట్టాలో పడుతుంది, ఎప్పటికప్పుడు తేల్చిన నిల్వ ఆవర్జాలో ఉంటుంది. సర్వర్ పోతే రాత్రి తీసిన ఆవర్జా తెరిచి, దాని మీద అప్పటి నుంచి నడిచిన చిట్టాను మళ్లీ ఎక్కిస్తారు. చిట్టా ఎక్కడ తెగిందో ఆట అక్కడికి వెనక్కి వెళ్తుంది. ఆటగాళ్లు తిట్టుకునే ‘రోల్‌బ్యాక్’ అదే.

కాపీ పదిలంగా ఉన్నా కరెంటు లేకపోతే చేసేదేమీ లేదు. 2012 అక్టోబరులో శాండీ తుఫాను న్యూయార్క్‌ను ముంచినప్పుడు, డేటా సెంటర్ ఉన్న 75 బ్రాడ్ స్ట్రీట్ భవనంలో జనరేటర్లు పైన క్షేమంగానే ఉన్నాయి, వాటికి డీజిల్ ఎక్కించే పంపులు మాత్రం సెల్లార్‌లో మునిగాయి. ఉద్యోగులు, ఖాతాదారులు కలిసి మెట్ల మీద నిలబడి, బకెట్లతో చేతులు మార్చుకుంటూ 17వ అంతస్తుకు డీజిల్ మోశారు. అంతకు ముందు ఏడాది, 2011 మార్చి 11న జపాన్ భూకంపంలో స్క్వేర్ ఎనిక్స్ అనే ఆటల కంపెనీ సర్వర్లు కూలలేదు. అణు కేంద్రాలు ఆగి దేశానికి కరెంటు కటకటైతే, కంపెనీ తానుగా ఫైనల్ ఫాంటసీ 11, 14 సర్వర్లను ఆపేసింది. అవన్నీ జపాన్‌లోనే ఉండటంతో అమెరికాలో ఆడేవాళ్లకూ ఆట ఆగింది. ఆ నిర్ణయం నాకు నచ్చుతుంది. అయినా ప్రపంచమంతా ఆడే ఆటను ఒక్క దేశంలోనే ఉంచడం మాత్రం డీ డ్రైవ్ పనే.

క్లౌడ్ వచ్చాక యంత్రం మనది కాకుండా పోయింది, గంటకింత అని అద్దెకు దొరుకుతోంది. ఒకచోట వరదొస్తే ఇంకోచోట నిమిషాల్లో కొత్త సర్వర్లు లేపవచ్చు. ఇరవై నిమిషాల్లో ముగిసే మ్యాచ్‌కు ఇది చాలు. నిలిచి ఉండే ప్రపంచానికి మాత్రం ఒక చిక్కుంది. గాజు తీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది, అంటే వెయ్యి కిలోమీటర్లు పోయి రావడానికి 10 మిల్లీ సెకన్లు. ‘పింగ్ పెరిగింది’ అని పిల్లలు అరిచేది ఈ ఆలస్యానికే. ఆటకు సర్వర్ దగ్గరుండాలి, తుఫానుకు కాపీ దూరముండాలి. అమెజాన్‌వాళ్లు రాజీగా ఒక ప్రాంతంలోని డేటా సెంటర్ల గుంపులను కిలోమీటర్ల ఎడంలో, అయితే 100 కిలోమీటర్లు దాటకుండా పెడతారు. వాటి మధ్య ప్రతి రాతనూ వెంటవెంటనే రెండు చోట్లా రాయవచ్చు. అంతకంటే దూరపు ఊరికి కాపీ కాస్త వెనకబడి చేరుతుంది. ఆ వెనకబాటు ఎంతుంటే రోల్‌బ్యాక్ అంత.

మన దేశంలో అమెజాన్‌కు అలాంటి ప్రాంతాలు 2016లో ముంబైలో, 2022 నవంబరులో హైదరాబాద్‌లో వచ్చాయి. హైదరాబాద్ సముద్రానికి దూరం, కింద దక్కన్ రాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను ఊడ్చేసి రోజుల తరబడి కరెంటు, ఫోన్లు లేకుండా చేసినప్పుడు చూసినవాళ్లకు ఆ దూరం విలువ వేరే చెప్పనక్కర్లేదు.

మేనల్లుడు ఇప్పుడు కొత్త ఊరు కట్టాడు. రోజూ రాత్రి పదింటికి కాపీ క్లౌడ్‌కు పోతుంది. తెరిచి చూడని బ్యాకప్‌ను నమ్మకురా అని మొన్న పండక్కి వెళ్లినప్పుడు నా ల్యాప్‌టాప్‌లో దాన్ని దింపించాను. ఊరు వచ్చింది, దీపాలు వెలిగాయి. వాడు దొడ్డివైపు చూసి ఒక్క క్షణం ఆగాడు. ‘‘మామయ్యా, పొద్దున నక్క ఎత్తుకుపోయిన కోడి ఇందులో ఇంకా బతికే ఉంది.’’