గుసగుసని ఫ్యాన్ అనుకున్న యాప్

ఇవాళ వెనక ఫ్యాన్ సౌండ్ వస్తుంటుంది. మధ్యలో ఉల్లిగడ్డల ఆటో మైకు కూడా వినిపించొచ్చు. (మా ఊళ్లో ఉల్లిపాయలే. హైదరాబాద్ వచ్చాక నాక్కూడా గడ్డలైపోయాయి.) ఎడిటింగ్‌లో మర్చిపోయి వదిలేశా అనుకోకండి, కావాలనే ఉంచా. ఎందుకో చెప్తా.

నేనుండేది కూకట్‌పల్లిలో, మూడో ఫ్లోర్, సింగిల్ బెడ్‌రూమ్. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి వీడియోలు మొదలుపెట్టినప్పుడు ఉన్న డబ్బులన్నీ కెమెరాకి, లైట్‌కి పెట్టా. అసలు తలనొప్పి సౌండ్‌తో అని తర్వాత అర్థమైంది. పొద్దున్నే బోరు మోటారు. ఎనిమిదింటికి పక్కింటి కుక్కర్ విజిల్స్. తర్వాత చెత్త ఆటో, పాత ఇనుప సామాన్ల బండి, సైలెన్సర్ పీకేసిన బుల్లెట్. 2000లో వచ్చిన నాయిస్ రూల్స్ ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా 45 దాటకూడదు. ఎదురెదురుగా కూర్చుని ఇద్దరం మామూలుగా మాట్లాడుకుంటేనే 60 దాకా వస్తుంది. ఇక మా వీధి సంగతి మీరే ఊహించుకోండి.

అందుకే నాయిస్ రిమూవల్ యాప్ మీద పడ్డా. ఒక్క బటన్ నొక్కితే కుక్కర్ పోయింది, బుల్లెట్ పోయింది, స్టూడియోలో కూర్చుని మాట్లాడినట్టు వచ్చింది. ఏడాదిపాటు ప్రతి వీడియో అలాగే చేశా. లోపల ఏం జరుగుతోందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. చదివింది ఈసీఈ, అది కూడా సిగ్నల్స్‌లో బ్యాక్‌లాగ్ పెట్టుకుని మరీ చదివా. సిగ్గుపడాల్సిన విషయమే.

సో, లోపల జరిగేది ఇదీ. మైక్ మన గొంతుని సెకనుకి 48,000 అంకెలుగా రాసుకుంటుంది. సాఫ్ట్‌వేర్ వాటిని చిన్న చిన్న ముక్కలు చేస్తుంది, ఒక్కో ముక్క సుమారు 20 మిల్లీసెకన్లు. ఒక్కో ముక్కలో ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉందో లెక్కేస్తుంది. ఫోరియర్ ట్రాన్స్‌ఫామ్, ఎగ్జామ్ కోసం బట్టీ పట్టాం కదా, అదే. పాత పద్ధతిలో ఎవరూ మాట్లాడని చోటు నుంచి ఫ్యాన్ శాంపిల్ తీసుకుని, మొత్తం రికార్డింగ్‌లోంచి దాన్ని తీసేసేవాళ్లు. 1979లో స్టీవెన్ బోల్ అనే ఆయన దీని మీద రాసిన పేపర్ చాలా ఫేమస్. ఫ్యాన్ లాంటి ఒకే తీరు సౌండ్‌కి ఇది బాగానే పనిచేస్తుంది. సడెన్‌గా కొట్టే హారన్‌కి పనికిరాదు, ఎందుకంటే దాని శాంపిల్ ముందే దొరకదు కదా.

ఇప్పటి యాప్‌లు న్యూరల్ నెట్‌వర్క్ వాడుతున్నాయి. శుభ్రమైన మాటలకి రకరకాల రొద కలిపి ఇచ్చి, ఇందులోంచి మాట మాత్రమే బయటికి తియ్ అని నేర్పిస్తారు. ఆర్‌ఎన్‌నాయిస్ అని ఒక ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ ఉంది, కోడ్ ఎవరైనా చూడొచ్చు. దాని మొదటి వెర్షన్ సౌండ్‌ని 22 బ్యాండ్లుగా విడగొట్టేది. వరసగా 22 కుళాయిలు ఉన్నాయనుకోండి. ప్రతి ముక్కకీ ఏ కుళాయి ఎంత తిప్పాలో అదే డిసైడ్ చేస్తుంది. మాట అనిపిస్తే తెరుస్తుంది, రొద అనిపిస్తే కట్టేస్తుంది.

మరి మాట అని ఎలా కనిపెడుతుంది? గొంతు మీద చెయ్యి పెట్టుకుని "అమ్మ" అనండి. వణుకు తెలిసిందా? మగవాళ్లకి సెకనుకి వందకి కాస్త అటూ ఇటూ, ఆడవాళ్లకి దాదాపు రెండొందల సార్లు స్వరతంత్రులు కొట్టుకుంటాయి. గ్రాఫ్‌లో చూస్తే నిచ్చెన మెట్లలాగా సమానమైన గ్యాప్‌తో గీతలు కనిపిస్తాయి. మాటని గుర్తుపట్టడానికి అదొక పెద్ద ఆనవాలు. ఇప్పుడు అదే "అమ్మ" గుసగుసగా అనండి. వణుకు లేదు. మెట్లు కూడా ఉండవు. ఉత్త గాలి. యాప్ వైపు నుంచి చూస్తే ఫ్యాన్ గాలికీ దీనికీ పెద్ద తేడా ఏం లేదు.

ఇది నాకు ఎలా తెలిసిందంటే, అమ్మమ్మ వల్ల.

అమ్మమ్మది అవనిగడ్డ దగ్గర పల్లెటూరు. కంటి ఆపరేషన్‌కి వచ్చి మా దగ్గర పది రోజులుంది. అమ్మ కూడా తోడొచ్చింది. ఒకరోజు మధ్యాహ్నం చిక్కుడుకాయలు వొలుస్తూ 1977 నవంబర్ 19 గురించి మొదలుపెట్టింది, దివిసీమ ఉప్పెన. అప్పటికి అమ్మకి ఐదేళ్లు. నేను వెంటనే ఫోన్ స్టాండ్‌కి పెట్టి రికార్డ్ చేశా. గాలి ఎలా మొదలైందీ, నీళ్లు ఎటు నుంచి వచ్చాయీ, తెల్లారాక ఏం చూసిందీ, నలభై నిమిషాలు చెప్పింది. మధ్యలో ఒకచోట వంటింటి వైపు చూసి, ముందుకి వంగి, గొంతు తగ్గించి ఏదో అంది. వంటింట్లో అమ్మ ఉంది. నేనేమో అప్పుడు బ్యాటరీ ఎంతుందో చూస్తున్నా. సరిగ్గా వినలేదు. రికార్డింగ్‌లో ఉంటుందిలే అనుకున్నా.

ఆ రాత్రే యాప్‌లో క్లీన్ చేసి ఎక్స్‌పోర్ట్ కొట్టా. ఫోన్ స్టోరేజ్ ఫుల్ అని ఒరిజినల్ డిలీట్ చేశా. ట్రాష్‌లోంచి కూడా.

మూడు వారాల తర్వాత అమ్మ ఆ వీడియో చూస్తూ ఒకచోట ఆగింది. "ఇక్కడ ఏమందిరా?" అంది. పెదాలు కదులుతున్నాయి, సౌండ్ లేదు. పదకొండు సెకన్లు. ఫ్యాన్‌తో పాటు అమ్మమ్మ గుసగుసకి కూడా కుళాయి కట్టేసింది. పెదాలు చూసి కనుక్కుందామంటే పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రికవరీ సాఫ్ట్‌వేర్లు నాలుగు ట్రై చేశా, లాభం లేదు.

అమ్మమ్మకి ఫోన్ చేసి అడిగా. "ఏదో అనుంటాలే నాన్నా, గుర్తులేదు" అంది. నిజంగా గుర్తులేదో, చెప్పడం ఇష్టం లేదో నాకు తెలీదు.

ఇప్పుడు నేను చేసేది చెప్తా, మీ ఇంట్లో పెద్దవాళ్లని రికార్డ్ చేసుకునే ఆలోచన ఉంటే పనికొస్తుంది. ఒరిజినల్ ఫైల్ ముట్టుకోను, రెండు చోట్ల ఉంచుతా. యాప్ వాడినా సగం డోసులోనే, కింద ఒరిజినల్ సౌండ్ కూడా కొంచెం కలిపి. అన్నిటికంటే ముఖ్యం, మైక్ దగ్గర పెట్టడం. దూరం సగం తగ్గిస్తే గొంతు దాదాపు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, మీటర్ నుంచి పావు మీటర్‌కి తెస్తే 12. ఫ్యాన్ ఎక్కడుందో అక్కడే ఉంటుంది కాబట్టి ఆ రొద పెద్దగా పెరగదు. రెండొందల రూపాయల కాలర్ మైక్ చాలు, ఏ ఏఐ అక్కర్లేదు. రికార్డ్ అవుతున్నంతసేపూ చెవికి హెడ్‌ఫోన్స్ ఉంటాయి. బ్యాటరీ ముందే చూసుకుంటా.

సంక్రాంతికి ఊరెళ్తున్నా. మళ్లీ అడగాలా వద్దా అని ఇంకా తేల్చుకోలేదు. తనకి వినపడకూడదని అక్కడ ఏదో అందని అమ్మకి కూడా ఇప్పుడు తెలుసు, అదొకటి.

ఆటో వచ్చేసినట్టుంది, వినిపిస్తోందా? నాకూ ఓ రెండు కేజీలు కావాలి. వచ్చే ఎపిసోడ్‌లో తెలుగు ఆటో క్యాప్షన్స్ ఎందుకలా వస్తాయో చూద్దాం. ఉంటా మరి.