లా కాలేజీకి విదేశీ ప్రొఫెసర్ వస్తే మన పిల్లలకేం లాభం?

వర్లి బీడీడీ చాళ్ల నుంచి, కామాటిపుర గల్లీల నుంచి మన పిల్లలు కొందరు ఇప్పుడు లా చదువుతున్నారు. “విదేశీ ప్రొఫెసర్ వస్తారట, ఆ కోర్సుకు విడిగా ఫీజు కట్టాలట, కట్టమంటారా?” అని తల్లిదండ్రులు మా సంఘానికి వచ్చి అడుగుతున్నారు. మాకు తెలిసింది చెబుతాము.

ఇది కొత్త సంగతి కాదు. 1960లలోనే ఫోర్డ్ ఫౌండేషన్ సాయంతో అమెరికా లా ప్రొఫెసర్లు ఢిల్లీ, బనారస్ విశ్వవిద్యాలయాలకు వచ్చి పాఠాలు చెప్పారు. మన ముంబైలో 1855 నాటి గవర్నమెంట్ లా కాలేజీకి 1935లో డాక్టర్ అంబేడ్కర్ ప్రిన్సిపాల్ అయ్యారు. పరేల్ బీఐటీ చాల్లో కాపురమున్న ఆయన కొలంబియాలో, లండన్‌లో చదివి వచ్చి ఇక్కడి పిల్లలకు చెప్పారు.

ఇప్పుడు దీనికి కేంద్ర ప్రభుత్వ పథకం ఉంది. 2015లో మొదలైన దాని పేరు ‘జ్ఞాన్’. ఇక్కడి అధ్యాపకుడు ఒకరు విదేశీ పండితుడితో మాట్లాడుకుని కోర్సు ప్రతిపాదన పంపాలి. అది మంజూరైతే, మొదటి నిబంధనల ప్రకారం, 12 నుంచి 14 గంటల బోధనకు 8,000 డాలర్ల వరకు, 20 నుంచి 28 గంటలకు 12,000 డాలర్ల వరకు ఇస్తారు. ఆయన ప్రయాణం, పారితోషికం అందులోవే. విద్యార్థి ఫీజు ఎంతో నిర్వహించే సంస్థే నిర్ణయిస్తుంది. బయటి విద్యార్థులను కూడా తీసుకుంటారు. కనుక రాయితీ ఉందా అని ముందే అడగండి, మొహమాటపడకండి.

ఇక లాభం మాట. 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం మర్రి చంద్రశేఖర రావు కేసులో తీర్పు చెప్పింది. ఆయన ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డ్ తెగ. తండ్రి ఉద్యోగం వల్ల బొంబాయి వచ్చి, సేఠ్ జీఎస్ మెడికల్ కాలేజీలో రిజర్వుడు సీటు అడిగారు. ఒక రాష్ట్రంలో ఉన్న హోదా వలస వచ్చిన రాష్ట్రంలో చెల్లదని కోర్టు అంది. మన ఇళ్లలో ఎంతమందికి ఈ దెబ్బ తగిలిందో మనకు తెలుసు. వలస వచ్చినవారి హక్కుల్ని ఇతర దేశాలు ఎలా చూస్తున్నాయో తెలిసిన ప్రొఫెసర్ ముందు మన పిల్ల లేచి ఈ ప్రశ్న అడగగలిగితే, ఆ ఫీజు వృథా కాదు. మార్క్ గాలంటర్ అనే అమెరికా ప్రొఫెసర్ 1984లో మన రిజర్వేషన్ల చట్టం మీదే పెద్ద గ్రంథం రాశారు. బయటివాళ్లకు అంత శ్రద్ధ ఉన్న విషయం మన పిల్లలకు తెలియకపోతే ఎలా?

అయితే రెండు వారాల కోర్సు డిగ్రీ కాదు, ఉద్యోగం హామీ కాదు. అప్పు చేసి మాత్రం కట్టకండి.

చివరిగా ఒక గుమస్తా మాట. మహారాష్ట్రలో కుల ధ్రువపత్రానికి కుటుంబం ఇక్కడ ఎప్పటినుంచి ఉందో చూస్తారు: ఎస్సీలకు 10-8-1950, విముక్త, సంచార జాతులకు 21-11-1961, ఓబీసీలకు 13-10-1967. చాళ్లు కూల్చి కొత్త ఇళ్లు ఇస్తున్న ఈ రోజుల్లో తాతగారి అద్దె రశీదు, మిల్లు కాగితం, స్కూల్ లీవింగ్ సర్టిఫికెట్ చెత్తలో వేయకండి. ప్రొఫెసర్ ఎక్కడినుంచి వచ్చినా, మన కేసుకు సాక్ష్యం మన ట్రంకు పెట్టెలోనే ఉంటుంది.